ఒకే గీత మీద నాలుగు

రోబోకు నాలుగు చేతులు. నాలుగూ పైనున్న ఒకే దూలానికి వరసగా వేలాడుతున్నాయి. జెరోమ్ ఆ దూలం కింద నిలబడి తలెత్తి చూశాడు.

"ముట్టుకోవద్దు," అన్నాడు డాక్టర్ శ్రీకంఠ.

"ముట్టలేదు సార్. చూస్తా ఉండాను."

బంగారు గనులు నడిచిన రోజుల్లో జెరోమ్ గనిలోకి దిగే షాఫ్టు గేటు దగ్గర కాపలా ఉండేవాడు. పైకి వచ్చిన ప్రతి మనిషి జేబులు, చెప్పులు, నోరు, జుట్టు వెతకడం అతని పని. గనులు మూతపడ్డాక రాబర్ట్‌సన్‌పేటలో గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టాడు. అదీ ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఇప్పటికీ మనిషి ఎదురుపడితే అతని చూపు ముందు చేతుల మీదికే పోతుంది.

రెండు నెలల కిందట ఈ ఆసుపత్రిలో ఒకే రోజు, పక్కపక్క థియేటర్లలో, ఒకే జబ్బుకు ఇద్దరికి ఆపరేషన్లు జరిగాయి. ఒకటి చీఫ్ సర్జన్ శ్రీకంఠ రోబోతో చేశాడు. రెండోది ఆయన కింద పనిచేసే డాక్టర్ ప్రిన్సీ లాపరోస్కోపీతో చేసింది. ఆ ఇద్దరు రోగుల్లో గని లైన్లలో, కూలీల వరస ఇళ్ళలో, ఉండే ప్రేమరాజు ఆరో రోజు చనిపోయాడు. బైరకూరు రైతు చెన్నరాయప్ప తన కాళ్ళ మీద నడుచుకుంటూ ఇంటికి పోయాడు. ప్రేమరాజుకు ఆపరేషన్ చేసింది ప్రిన్సీ అని ఆసుపత్రి రికార్డు చెబుతోంది. తను చేసింది చెన్నరాయప్పకని, ప్రేమరాజు ఒంటి మీద చెయ్యే వేయలేదని ప్రిన్సీ చెబుతోంది. ఆమె తండ్రి నెల్సన్ వచ్చి జెరోమ్‌ను బతిమాలుకున్నాడు.

"రెండిట్లోనూ పొట్ట పెద్దగా కోయం," అన్నాడు శ్రీకంఠ. "చిన్న రంధ్రాలు పెడతాం. ఒకదాంట్లో కెమెరా, మిగతావాటిల్లో పనిముట్లు. లాపరోస్కోపీలో డాక్టరు రోగి పక్కన నిలబడి పనిముట్లు తన చేత్తో పట్టుకుంటాడు. రోబో అయితే నేను ఆ మూలన కూర్చుంటాను. నా వేళ్ళు ఎట్లా కదిలితే ఈ చేతులు లోపల అట్లా కదులుతాయి. తేడా అంతే."

"జబ్బు ఒకటేనా సార్?"

"ఒకటే. పెద్దపేగు గోడ బలం తగ్గి అక్కడక్కడ సంచుల్లా బయటికి పొంగుతుంది. వాటిల్లో చీము పడుతుంది. మాటిమాటికీ అట్లా అవుతుంటే ఆ ముక్క కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలు అతుకుతాం. ఈ పని రోబోతో మేలా, చేత్తో మేలా అని పోల్చి చూస్తున్నాం. చీటీ తీసి సగం మందికి ఇది, సగం మందికి అది."

"ఏది మేలని తేలింది?"

"రోబో కింద ఇంతవరకు ఒక్కరూ పోలేదు. వచ్చే నెల బెంగళూరులో అదే చెప్పబోతున్నాను."

"రంధ్రాలు యాడ పెడతారు సార్?"

శ్రీకంఠ చేతులు కడుక్కునే తొట్టి వైపు నడిచాడు. "డాక్టరును బట్టి. రోగిని బట్టి. రెండిటికీ చిన్న రంధ్రాలే కదా."

దాచినవాడు దాచినచోటు చూడడు. గేటు దగ్గర జెరోమ్ నేర్చుకున్నది అదొక్కటే. మాటలు నడిచినంతసేపు శ్రీకంఠ రోబోను చూపిస్తూనే ఉన్నాడు. రంధ్రాల మాట వచ్చాక ఆ నాలుగు చేతుల వైపు తిరగలేదు.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ పురుషోత్తమ్ లోపలికి వచ్చాడు. బూట్ల మీద ఆసుపత్రి వాళ్ళ నీలం సంచులు వేసుకుని ఉన్నాడు. ఆ సంచులు చూసి జెరోమ్ నవ్వు ఆపుకున్నాడు. పురుషోత్తమ్ అది గమనించాడు.

"ఏమయ్యా జెరోమ్, అప్పట్లో గేటు కాడ జనాల నోట్లో వేలు పెట్టి బంగారం దేవులాడినోడివి. ఇప్పుడు పేగుల్లో దేవులాడతా ఉండావా?"

"దేవులాడినచోట దొరుకుతా ఉన్నింది సార్, అందుకే పెట్టుకున్నారు."

"ఇక్కడ దొరికేది ఏమీ లేదు. అతుకు విడిపోయింది, మనిషి పోయినాడు. చేసింది ఎవురని రికార్డులో ఉండాది. మెడికల్ బోర్డు కూడా అదే చెప్పింది."

"బోర్డు వాళ్ళు మనిషిని చూసినారా సార్, రికార్డును చూసినారా?"

"మట్టిలో ఉన్నోణ్ణి యాడ చూసేది? తవ్వడానికి ఆయన భార్య ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా రెండు నెలలకు పొట్ట మీద ఏం మిగుల్తాది?"

"బైరకూరు ఆయన మిగిలే ఉండాడు కదా. ఆయన పొట్ట చూసినారా?"

శ్రీకంఠ తొట్టి దగ్గరి నుంచే మాట్లాడాడు. "ఆయన నా రోగి. బాగుపడిన మనిషిని పోలీసులతో, కోర్టులతో బెదరగొడితే నేను ఒప్పుకోను."

"విన్నావు కదా," అన్నాడు పురుషోత్తమ్. "రేపు పొద్దున ఆ అమ్మాయిని తీసుకోని పోతాను. ఆలోగా నువ్వు చేసుకొనేది ఏమన్నా ఉంటే చేసుకో. నా దారికి అడ్డం రావద్దు."

*

నెల్సన్ ఇంటి కిటికీలకు రెండు అద్దాలు లేవు. లైన్ల వాళ్ళే రాళ్ళు వేశారు. ఈ లైన్లలో పుట్టి డాక్టరయిన పిల్ల ప్రిన్సీ ఒక్కతే. ఆమె ఆసుపత్రిలో చేరిన రోజు వీధి వీధంతా కేకు తిన్నది.

ప్రిన్సీ మంచం మీద కూర్చుని గోడను చూస్తోంది. ఇన్‌స్పెక్టర్ మాట చెబితే తల ఊపింది.

"రికార్డు ఎట్ల మారతాదమ్మా?" అని అడిగాడు జెరోమ్. "ఆ థియేటర్లలో ఇంకా జనం ఉండారు కదా."

"ఉండారు అంకుల్. వాళ్ళకు తెలిసేది నంబరే. పోల్చి చూసేటప్పుడు ఎవురూ ఒక పక్కకు మొగ్గు చూపకూడదని అట్ల పెట్టినారు. చీటీ తీసినాక రోగికి పేరుండదు, నంబరే. ముఖానికి ముందర తెర కడతారు, కనబడేది పొట్ట ఒక్కటే. రోబో లోపల కూడా నంబరే పడతాది. కోసిన పేగు ముక్క డబ్బాలో వేసి బెంగళూరు ల్యాబుకు పంపిస్తాము కదా, ఆ డబ్బా మీద కూడా నంబరే."

"రోగికన్నా తెలీదా?"

"చెప్పము. పొట్టంతా పెద్ద కట్టు వేసేస్తాము. ఏది ఎవురికి చేసినారో ఇంటికి పొయ్యే దినం సారే చెప్తారు."

"ఏ నంబరు ఎవురిదో?"

"ఒక్క చోటే ఉండాది. శ్రీకంఠ సార్ గదిలో కంప్యూటర్‌లో. పదిహేడు ప్రేమరాజు మామ, రోబో. పద్దెనిమిది బైరకూరు ఆయన, నేను చేసింది. మామ పోయిన మర్నాడు చూస్తే పద్దెనిమిది ఎదురుగా మామ పేరు ఉన్నింది. ఇదేంది సార్ అని అడిగినాను. ఆ సాయంత్రమే నన్ను పనిలోనుంచి తీసేసినారు."

"ఆ రెండు పనులకీ రంధ్రాలు ఒకటేనా?"

ప్రిన్సీ మొదటిసారి గోడ మీదినుంచి చూపు తిప్పింది. దుప్పటి మీద వేలితో గీసింది. "రోబో చేతులు నాలుగూ ఒక్క దూలానికి ఉంటాయి. ఒకదానికొకటి తగలకుండా కదలాలంటే రంధ్రాలు కూడా ఒక్క గీత మీద పెట్టాల. ఈ పనికి ఎడమ పక్కటెముకల కిందనుంచి కుడి తొడ పైదాకా వాలుగా నాలుగు. సాయం చేసేవాళ్ళకి పక్కన ఇంగొకటి. నేను చేత్తో చేసేటప్పుడు అట్ల కాదు. బొడ్డు కాడ కెమెరాకు ఒకటి, కుడి పక్కన రెండు, ఎడమ పక్కన ఒకటి. రెండిట్లోనూ ముక్క బయటికి తీసేదానికి పొత్తికడుపు కింద అడ్డంగా ఒక కోత."

వాకిట్లో కూర్చున్న నెల్సన్ లోపలికి తిరక్కుండానే అన్నాడు. "నాలుగు, ఒకే గీత మీద. ప్రేమరాజు పెట్టె మూసేముందర నేనే చెప్పినాను కదప్పా."

"నాయన మాట ఎవురు నమ్ముతారు?" అంది ప్రిన్సీ. "కూతురి కోసం చెప్తా ఉండాడంటారు. ఇన్‌స్పెక్టర్ నగినాడు."

నెల్సన్ చెప్పిన మాటకు బలం రావాలంటే ఒక్కరే ఉన్నారు, ప్రేమరాజు భార్య సెలీన్. ఆమె ఇంటినుంచి వచ్చిన రాళ్ళలో ఒకటి ఇంకా నెల్సన్ వాకిట్లో పడి ఉంది.

*

సెలీన్ జెరోమ్‌కు కుర్చీ వేసింది. టీ పెడతానని అనలేదు.

"నెల్సన్ అంపించినాడా అన్నా?"

"అవునమ్మా. దాచను."

"అయితే ఇంగ మాట్లాడేది ఏముండాది? నా మొగుడు పొట్ట చేత్తో పట్టుకోని నడిచి పోయినాడు ఆ ఆసుపత్రికి. 'మన నెల్సన్ కూతురు ఉండాది, నీకేం భయం' అన్నాడు నాకి. అట్లాంటోణ్ణి తెచ్చి వాకిట్లో పండబెట్టినారు."

జెరోమ్ గోడ వైపు చూశాడు. గోడకున్న ప్రేమరాజు ఫోటో కింద చెక్కపీట మీద అతని కళ్ళద్దాలు తుడిచి పెట్టి ఉన్నాయి.

లైన్లలో ఎవరు పోయినా పెట్టె మూసేముందు గుర్తులు చెబుతారు. ఒక పెద్దమనిషి శవం పక్కన నిలబడి ఒంటి మీది గుర్తులు ఒక్కొక్కటే చెప్పాలి. భార్యగానీ తల్లిగానీ చేత్తో తడిమి, ఉంటే అవును అనాలి. పాస్టరు ప్రార్థన ఆ తర్వాతే. ఇది వేరే ఏ ఊళ్ళోనూ లేదు. జెరోమ్ తాత కాలంలో గనిలో రాయి పేలి ఇద్దరు చనిపోయారు. ముఖాలు తెలియలేదు. బట్టలు చూసి పెట్టెల్లో పెట్టి పూడ్చారు. తొమ్మిదో రోజు ఒకడి తల్లి, తన కొడుక్కి వేలు లేదని, పెట్టెలో చెయ్యి పట్టుకుంటే వేళ్ళన్నీ ఉన్నాయని బయటపెట్టింది. మళ్ళీ తవ్వడానికి ఎవరికీ మనసు రాలేదు. గుర్తులు చెప్పడం అప్పుడే మొదలైంది. ఆ ఇద్దరిలో ఒకడు జెరోమ్ తాత. సమాధుల పండుగనాడు రెండు కుటుంబాలూ రెండు చోట్లా కొవ్వొత్తులు పెడతాయి. చిన్నప్పుడు జెరోమ్ రెండో సమాధి దగ్గర ఎక్కువసేపు నిలబడేవాడు, తాత అక్కడ ఒంటరిగా ఉన్నాడేమో అని.

"ప్రేమరాజుకు గుర్తులు చెప్పినారు కదమ్మా?"

సెలీన్ ముఖం మారింది. "చెప్పకుండా ఎట్ల? నెల్సనే చెప్పినాడు. అప్పుటికి వాడి కూతురు చేసిందని నాకి తెలీదు."

"నువ్వు అవునన్నావు."

"అన్నాను."

"ఏమేమి చెప్పినాడో నాకి చెప్పు."

"ఎందుకు? నెల్సన్ కూతుర్ని బయటికి తేవడానికా?" ఆమె లేచి నిలబడింది. "నాకి తెలుసు అన్నా, నువ్వు దేనికోసం వచ్చినావో. నేను తెలీదంటాను. గుర్తు లేదంటాను. ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. లేచి పోతాను."

చెక్కపీట మీది కళ్ళద్దాలు గలగలమన్నాయి. నేల ఒక్కసారి ఉలిక్కిపడి ఆగింది. గనుల్లో పంపులు ఆపేశాక నీళ్ళు నిండాయి. కిందెక్కడో రాయి ఇంకా సర్దుకుంటూనే ఉంది. సెలీన్, జెరోమ్ ఇద్దరూ చెయ్యి గోడకు ఆనించి నేలను చూస్తూ ఆగారు. రెండోసారి రాలేదు. వీధిలో ఎవరో "ఏమీ లేదు, ఏమీ లేదు" అని పిల్లలకు చెబుతున్నారు.

సెలీన్ కళ్ళద్దాలను సర్దిపెట్టింది. చెయ్యి వాటి మీదే ఉంచి మాట్లాడింది.

"కుడి బొటనవేలికి గోరు లేదు అన్నాడు. అవునన్నాను. చెవి వెనక మచ్చ అన్నాడు. అవునన్నాను. పొట్ట మీద కొత్తవి అన్నాడు. ఎడమ పక్కటెముకల కిందనుంచి కుడి తొడ దాకా నాలుగు, ఒకే గీత మీద. నేను ఒక్కొక్కదానిపైనా వేలు పెట్టి చూసినాను. పక్కన ఇంగొకటి విడిగా. కింద అడ్డంగా ఒక కోత. అవునన్నాను."

"బొడ్డు కాడ?"

"బొడ్డు కాడ ఏమీ లేదు." ఆమె కళ్ళద్దాల మీదినుంచి చెయ్యి తీసింది. "పెట్టె ముందర నిలబడి అన్న అవునును ఇప్పుడు కాదంటే నా మొగుడు మట్టిలో నిద్రపోతాడా అన్నా?"

"ఇది పురుషోత్తమ్ ముందర చెప్తావామ్మా?"

"చెప్తాను. చెప్పేది దాని కోసం కాదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయినా ఇంగ ఏం మారతాది? ఎవురు చేసినా ఆయన ఉండేవాడు కాదంట. శ్రీకంఠ సారే ఇంటికి వచ్చి చెప్పినాడు. కోసిన ముక్కను బెంగళూరులో చూస్తే క్యాన్సర్ ఉండాదంట. 'ఏడవద్దమ్మా, ఆపరేషన్ బాగా జరిగినా మీ ఆయన ఎక్కువ దినాలు ఉండేవాడు కాదు' అన్నాడు. పెద్ద డాక్టరు, ఈ ఇంటికి వచ్చి, ఈ కుర్చీలోనే కూర్చొని. నాకి కొంచెం ఊరట అయింది. అట్ల ఊరట అయినందుకు రాత్రిపూట నిద్ర పట్టదు."

జెరోమ్ తన కింది కుర్చీని ఒకసారి చూసుకుని లేచాడు.

*

బైరకూరులో చెన్నరాయప్ప ఇంటి ముందు పోలీసు జీపు అప్పటికే ఉంది.

"ఆసుపత్రినుంచి ఫోన్ వచ్చింది," అన్నాడు పురుషోత్తమ్. "నువ్వు వాళ్ళ రోగిని వేధిస్తావని. పద, వెనక్కి పద."

"పోతాను సార్. ఒక్క మాట. సెలీన్ ఇప్పుడే నాకి గుర్తులు చెప్పింది. నెల్సన్ కాదు, సెలీన్. ప్రేమరాజు పొట్ట మీద నాలుగు, ఒకే గీత మీద. అది రోబో గుర్తు."

"రంధ్రాలు యాడన్నా పెట్టచ్చని డాక్టరు నాకి కూడా చెప్పినాడు."

"ఇద్దరికీ ఒకే రకంగా ఉంటే మీరు చెప్పిందే నిజం. నేను ఈ కేసు వదిలేస్తాను, మీకు సలాం కొట్టి ఇంటికి పోతాను. వేరేగా ఉంటే?"

పురుషోత్తమ్ ఇంటి వైపు నడిచాడు. ఇక్కడిదాకా వచ్చి చూడకుండా పోవడం అతనికీ నచ్చలేదని జెరోమ్‌కు అర్థమైంది.

చిన్నవెంకటమ్మ ఇద్దరినీ గడప బయటే ఆపింది. లోపల పట్టుపురుగులు గూళ్ళు కట్టే దశలో ఉన్నాయి. కాళ్ళు కడగకుండా, సున్నం తొక్కకుండా పోలీసయినా సరే పురుగుల గదిలోకి రానివ్వదు. "మీరు యాడయాడ తిరిగి వచ్చినారో ఏమో సామీ. పురుగుకు జబ్బు తగిలితే మళ్ళీ ఆర్నెల్లు ఏడవాల," అంది.

చెన్నరాయప్ప పురుగుల తట్ట దించి బయటికి వచ్చాడు. నవ్వు ముఖం. జెరోమ్ చూపు ఎప్పటిలాగే చేతుల మీదికి పోయింది. రెండు అరచేతులూ ఎర్రబారి ఉన్నాయి. వేళ్ళ కొసల్లో తోలు పొరలుగా ఊడుతోంది.

"చేతులకు ఏమైందప్పా?"

"సున్నమప్పా. పురుగుల మీద చల్లుతాము కదా, తినేసింది."

చిన్నవెంకటమ్మ చేతులు జెరోమ్ చూశాడు. ఆమె కూడా అదే సున్నం చల్లుతుంది. ఆమె చేతులకు ఏమీ కాలేదు.

"మీ ఆపరేషన్ గుర్తులు ఒకసారి చూడాల," అన్నాడు పురుషోత్తమ్. "ఇష్టముంటేనే."

"దాందేముంది సార్! ఊరంతా చూసింది. మిషను చేసింది నాకి. ఈ తాలూకాలోనే నేను మొదటోణ్ణంట." చెన్నరాయప్ప చొక్కా పైకెత్తాడు. పంచె నడుముకు రెండు చుట్లు ఎక్కువ తిరిగి ఉంది.

జెరోమ్ ఒక అడుగు వెనక్కి వేసి, చిన్నవెంకటమ్మ వైపు తిరిగాడు. "నేను ఒక్కొక్కటే చెప్తానమ్మా. ఉంటే అవునను. లేకుంటే లేదను. సార్ రాసుకుంటారు."

"సరి సామీ."

"బొడ్డు కాడ ఒకటి."

"అవును."

"కుడి పక్కన పైన ఒకటి, దాని కింద ఒకటి."

ఆమె మొగుడి పొట్ట మీద వేలు పెట్టి చూసింది. "అవును."

"ఎడమ పక్కన ఒకటి."

"అవును."

"పొత్తికడుపు కింద అడ్డంగా కోత."

"అవును. ఇంగా గీరుకుంటానే ఉంటాడు, వద్దంటే వినడు."

"ఒకే గీత మీద నాలుగు?"

ఆమె వంగి వెతికింది. "లేదు సామీ. అట్లాంటిది లేదు."

పురుషోత్తమ్ పెన్ను మూసి జేబులో పెట్టాడు. చాలాసేపు ఆ పొట్టను చూశాడు. జెరోమ్‌ను పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "ఈయనకు చేసింది ఆ అమ్మాయే. పోయినోడికి చేసింది శ్రీకంఠ. రోబో కింద మనిషి పోయినాడని బయటికి రాకుండా నంబర్ల ముందర పేర్లు తిప్పేసినాడు." జీపు వైపు ఒకసారి చూశాడు. "రేపటి అరెస్టు కాగితం చించేస్తాను. గెలిచినావు పో, సంతోషమా?"

జెరోమ్‌కు సంతోషం రాలేదు. ఒక మగవాడి గుర్తులు తను ఒక్కొక్కటే చెప్పడం, అతని భార్య తడిమి అవును అనడం. ఇంతవరకు ఇది పెట్టె మూసేముందు తప్ప జెరోమ్ ఎక్కడా వినలేదు. బతికి ఉన్న మనిషికి ఎవరూ గుర్తులు చెప్పరు. సెలీన్ కుర్చీ గుర్తొచ్చింది. పెట్టెలు మారిన ఇద్దరు మనుషులు గుర్తొచ్చారు.

డబ్బా మీద కూడా నంబరే, అన్నది ప్రిన్సీ.

అతను వెనక్కి తిరిగాడు. "అప్పా, కోసిన ముక్కను పరీక్షకు పంపించినారు కదా. ఏం వచ్చింది?"

"ఏమీ లేదన్నారు. అంతా శుభ్రం. మీ పేగు బంగారమన్నాడు డాక్టరు."

"అయినా మనిషి కరిగిపోతా ఉండాడు సామీ," అంది చిన్నవెంకటమ్మ. "అన్నం లోపలికి పోదు. డాక్టరును అడిగితే ఆపరేషన్ చేసినాక కొన్ని దినాలు అంతేనంటాడు. ఆయన మాత్రం దేవుడప్పా. పదిహేను దినాలకొకసారి తానే కారేసుకోని వస్తాడు. రక్తం తీసుకోని పోతాడు. బలానికి మాత్రలు తానే ఇస్తాడు. రూపాయి ముట్టడు."

"ఆ మాత్రలు చూపిస్తావామ్మా?"

ఆమె లోపలినుంచి బ్రౌను కాగితపు కవరు తెచ్చింది. పెట్టె లేదు, అట్ట లేదు, పేరు లేదు. పొడుగు మాత్రలు విడిగా ఉన్నాయి. అన్నం తిన్నాక పొద్దున మూడు, రాత్రి మూడు. పద్నాలుగు దినాలు మింగాల, ఒక వారం మానాల, మళ్ళీ మింగాల. మానిన వారంలో మనిషి కొంచెం తేరుకుంటాడని ఆమె చెప్పింది.

తెలిసిన డాక్టరమ్మను అడుగుతానని చెప్పి జెరోమ్ ఒక మాత్ర ఫోటో తీసి ప్రిన్సీకి పంపాడు. వాకిలి దాటి జీపు దాకా నడిచి ఫోన్ చేశాడు. పురుషోత్తమ్ వెంట వచ్చి నిలబడ్డాడు.

"అంకుల్, ఇది యాడిది మీకి?"

"బలానికంట. రెండు వారాలు తిని ఒక వారం ఆపాలంట. అరచేతులు ఎర్రగా అయి తోలు ఊడతా ఉండాది. మనిషి చిక్కిపోయినాడు."

అవతల నెల్సన్ ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు దూరంగా వినిపించింది.

"బలానికి కాదు అంకుల్," అంది ప్రిన్సీ. "అది క్యాన్సర్ మందు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చేది. చేతుల తోలు దానివల్లే పోతాది. ఎవురు తింటా ఉండారు?"

"నువ్వు ఆపరేషన్ చేసిన ఆయప్పే."

"ఆయనకు క్యాన్సర్ యాడిది? వాపు తప్ప నాకి ఏమీ కనబడలేదు. రిపోర్టు వచ్చేలోగా నన్ను..." ఆమె అక్కడ ఆగిపోయింది. "పద్దెనిమిది. పద్దెనిమిది నంబరు రిపోర్టు మామ ఫైలుకు పోయింది. అంకుల్, ఆ రిపోర్టులో ఏముండాదో మీకి తెలుసా?"

"తెలుసమ్మా. సెలీన్ చెప్పింది."

"అయితే ఆయన్ని ఈ దినమే పెద్దాసుపత్రికి తీసుకోని పోండి. ఈ మాత్రలు ఒక్కటే చాలకపోవచ్చు. స్కాను తియ్యాల, ఎంతదాకా పోయిందో చూడాల. దొంగతనంగా మాత్రలు ఇచ్చేవాడు స్కాను తియ్యడు, తీస్తే ఎందుకని అడుగుతారు. రెండు నెలలు, అంకుల్. రెండు నెలలు పోయినాయి!"

జెరోమ్ ఫోన్ జేబులో పెట్టాడు. పురుషోత్తమ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతని ముఖంలో ఎగతాళి లేదు.

"పోయినోడికి క్యాన్సర్ లేదు," అన్నాడు మెల్లగా. "ఉన్నోడికి ఉండాది. అది శ్రీకంఠకు తెలుసు."

"రిపోర్టు వచ్చిన దినంనుంచీ తెలుసు సార్. ఈయనకు నిజం చెప్తే పేర్లు తిప్పింది బయటపడతాది. మందు ఇవ్వకుండా వదిలేసేదానికి కూడా చెయ్యి రాలేదు."

"ఎవురు చెప్తారు ఈయనకు?"

ఇద్దరూ వాకిలి వైపు చూశారు. చెన్నరాయప్ప చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. వేళ్ళ కొసలు మండుతున్నట్టున్నాయి, పై గుండీ పట్టు దొరకలేదు. చిన్నవెంకటమ్మ వచ్చి ఆ గుండీ పెట్టింది.

"డాక్టరమ్మతో మాట్లాడినారా సామీ?" అని కేకేసి అడిగింది. "ఏమంటా ఉండాది? మాత్రలు మంచివే కదా?"

జెరోమ్ వాకిట్లోకి నడిచాడు. "అప్పా, నువ్వు ముందర కూర్చో. నీకి ఒక మాట చెప్పాల."

"నిలబడే చెప్పు, పర్వాలేదు. నేను గట్టోణ్ణే."

"కూర్చోప్పా."

చెన్నరాయప్ప నవ్వుతూనే అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడే వీధి మలుపులో కారు హారన్ రెండుసార్లు మోగింది. చిన్నవెంకటమ్మ ముఖం విప్పారింది.

"శ్రీకంఠ సారు! ఈ పొద్దు వస్తానని ఫోన్ చేసినాడు. కడుపు లోపల ఇంగొక చిన్న పని మిగిలిందంట, మళ్ళీ మిషనుతో చేస్తాడంట, ఈయన్ని ఆసుపత్రికి తోడుకోని పోతానన్నాడు. మంచిదయ్యింది, మీరూ ఆయన్నే అడగచ్చు."

కుర్చీ తుడిచి పెట్టడానికి ఆమె గబగబా లోపలికి పోయింది.